అమెరికా మామ్మకు ఓ ఆకు

పెద్దమ్మ ప్రశాంతంగా కన్నుమూసిందని ఆవిడ తమ్ముడి కొడుకు పొద్దున్నే వాట్సాప్‌లో పెట్టాడు. చేతులు జోడించిన బొమ్మలు కొన్ని, వెలుగుతున్న దీపం ఒకటి. చదవగానే నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఎనభై దాటిన జీవితంలో ఆ మనిషి ఒక్క పనైనా ప్రశాంతంగా చేసిందా, ఇప్పుడు ఇది చెయ్యడానికి? ముందురోజు సాయంత్రం నేను ఆసుపత్రికి వెళ్ళేసరికి, ముక్కులో గొట్టాలు పెట్టుకుని మరీ, గంజిలో ఉప్పు లేదని నర్సుతో దెబ్బలాడుతోంది. చప్పిడి గంజి తాగి పైకి పోతే అక్కడివాళ్ళు కూడా తనని చూసి జాలిపడతారట. ఆ నర్సు నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయింది. అలా కసురుకుంటూ, ఉప్పు అడుగుతూ పోయింది ఆవిడ. కనీసం ఆ ముక్కైనా నిజం చెప్పి ఉండొచ్చు.

పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలంటారు. అలాగే మాట్లాడతాను. ఉన్నవాళ్ళ విషయంలో అలాంటి నియమం ఉన్నట్టు నేనెక్కడా వినలేదు, కాబట్టి చదివేవాళ్ళు కాస్త ఓర్చుకోవాలి.

పెద్దమ్మ అంటున్నాను గానీ మాకు చుట్టరికం ఏమీ లేదు. ఈ దేశం వచ్చిన కొత్తలో ఆంగ్ మో కియో అనే పేటలో మేం అద్దెకు దిగిన ఫ్లాటుకు పక్క ఫ్లాటు ఆవిడది. దిగిన రోజే సామాన్లు మోసేవాడితో గొడవపడి, ఆ గొడవంతా ఫోన్లో మా అమ్మకు చెబుతూ వరండాలో నిలబడ్డాను. పక్క తలుపు తెరుచుకుంది. తెల్లటి జుట్టు, పూల గౌను, చేతిలో సగం ఒలిచిన వెల్లుల్లి. నేను ఫోన్ పెట్టేదాకా ఆగి, మీది కాకినాడ వైపా అని అడిగింది. అవును ఆంటీ అన్నాను.

"ఆంటీ ఏంటే? కింద కొట్లో చీనా పిల్ల కూడా నన్ను ఆంటీ అనే అంటది. నీ నోట్లో తెలుగుంది కదా. పెద్దమ్మా అను."

తమది కోరంగి అని చెప్పింది. తాత పుట్టిన ఊరట, తను ఎప్పుడూ చూడలేదట. తండ్రి ఇక్కడే పుట్టాడు, తనూ ఇక్కడే పుట్టింది. అయినా ఎవరడిగినా మాది కోరంగి అనే చెప్పేది. ఆవిడ తెలుగులో మా అమ్మమ్మ వాడిన మాటలుండేవి, మధ్యమధ్య అరవం, మలయ్ దొర్లేవి. బజారుకు వెళ్ళడం ఆవిడకు పాసార్‌కు పోవడమే. చెయ్యి కాలినా, లిఫ్టు ఆగినా, ప్రధానమంత్రి మారినా అలామా అనేది.

కింద తిండికొట్లన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్‌లో ఆవిడకో పద్ధతి ఉండేది. బల్ల దగ్గర తన గొడుగు పెట్టి చోప్ చేసి వెళ్ళేది, అంటే ఈ కుర్చీ మాది అని గుర్తన్నమాట. అందులో వింతేమీ లేదు, ఈ ఊళ్ళో కాగితం రుమాలు పెట్టి కూడా సీటు ఆపుకుంటారు. కానీ గుర్తు ఏమీ లేని కుర్చీలో కూడా ఆవిడ అడగకుండా కూర్చునేది కాదు, నన్ను కూర్చోనిచ్చేది కాదు. ఖాళీ కుర్చీ ఎవరిదీ కాదనుకోకూడదే, రావల్సినోళ్ళు ఉంటారు అనేది. నాకది చాదస్తంలా ఉండేది. ఆకలి మీద ఉన్నప్పుడైతే మరీనూ.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేసింది. పై దేశాలకు కాల్స్ కలిపే పని. ఎంతోమందికి అమెరికాతో మాట కలిపిందట, డెట్రాయిట్ అన్న పేరు వినపడితే మాత్రం చెయ్యి ఒక్క క్షణం ఆగిపోయేదట. ఆ ఊళ్ళో మాకూ ఓ ఇల్లుంది, నంబరే తెలీదు అని చెప్పేది. మొదటిసారి విన్నప్పుడు ముసలావిడ గొప్పలు అనుకున్నాను.

ఆ ఇంటి సంగతి నాకు తెలిసింది మహాలయ అమావాస్యనాడు. పెద్దలకు పెట్టుకుంటున్నాను, కూరలు తరగడానికి రమ్మని పిలిచింది. టెక్కా బజారు నుంచి తెచ్చిన అరిటాకులు వరసగా వేసింది. తండ్రికి ఒకటి, తల్లికి ఒకటి, తాతకు, మామ్మకు. అన్నం, పప్పు, చేపల పులుసు, గారెలు. అన్నీ వడ్డించాక చివర్న ఇంకో ఆకు వేసి, దాంట్లో రెండు రొట్టె ముక్కలు పెట్టింది. వాటిమీద కాయా జాము రాసి ఉంది. కొబ్బరిపాలు, గుడ్లు, చక్కెర కలిపి చేసే పచ్చటి జాము అది, ఇక్కడ ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. ఇదెవరికి పెద్దమ్మా అంటే, అమెరికా మామ్మకి అంది. అమెరికావాళ్ళు అన్నం తినరు కదా మరి.

సాంబ్రాణి వేసి, పెద్దలు వచ్చి తినిపోవాలని గది తలుపు దగ్గరకు వేసి, ఇద్దరం వరండాలోకి వచ్చి నిలబడ్డాం. అక్కడ చెప్పింది.

తాత ఓడలో బొగ్గు వేసేవాడు. ఓడ అడుగున, కొలిమి ముందు. ఇక్కడే పెళ్ళి చేసుకున్నాడు, ఒక కొడుకు. ఆ కొడుకు ఇంకా తప్పటడుగులు వేస్తుండగా తాత ఎక్కిన ఓడ అమెరికా వెళ్ళింది. న్యూ ఆర్లియన్స్ రేవులో దిగినవాడు మళ్ళీ ఎక్కలేదు. మామ్మ రేవు కూలీలకు అన్నాలు వండి అమ్మి కొడుకును పెంచింది. వచ్చిన ప్రతి ఓడవాణ్నీ అడిగింది. జపానువాళ్ళ కాలంలో కర్రపెండలం తిని బతికారు. ఆ యుద్ధం అయిపోయాక, తాతతో పనిచేసిన ఓడమనిషి ఒకడు వెతుక్కుంటూ వచ్చి గుమ్మంలో నిలబడి చెప్పాడు. నీ మొగుడు డెట్రాయిట్ అనే ఊళ్ళో పోయాడు, పోయి చాలా కాలమైంది. అక్కడ ఇంకో ఆవిడ ఉంది, నల్లావిడ, ఒక కొడుకు కూడా ఉన్నాడు. చివరిదాకా ఆవిడే చూసుకుంది.

అప్పటికి పెద్దమ్మ చిన్నపిల్ల, మామ్మ కొంగు పట్టుకుని వింటోంది. మామ్మ ఆ పూటంతా తిట్టిందట. మొగుణ్ణి, ఆవిణ్ణి, ఓడను, ఓడ చేసినవాళ్ళను. వీధి వీధంతా విన్నదట. వాడికి రెండు రేవుల్లోనూ అన్నం పెట్టే చేతులు దొరికాయి, వాడు తెచ్చింది నోరొక్కటే అని వాళ్ళింట్లో చెప్పుకునే మాట ఆ రోజుదే. తర్వాత పెద్దలకు పెట్టే రోజు వచ్చింది. ఆకులు వేస్తున్న కొడుకును ఆపి, ఇంకోటి వెయ్యమంది. ఎవరికమ్మా అంటే, దానికే అంది.

"మరి తిట్టేవు కదే?" అని కొడుకు అడిగితే, "తిట్టడం వేరు, పెట్టడం వేరు" అందట.

అదీ ఆ ఆకు కథ. మామ్మ వేసింది, తర్వాత పెద్దమ్మ తల్లి వేసింది, తర్వాత పెద్దమ్మ. తమ్ముడికి పట్టలేదు, అతని కొడుకుకు అసలే పట్టలేదు. పెళ్ళై మూడేళ్ళు తిరక్కుండా భర్త పోయిన ఆడది, పిల్లల్లేని ఆడది, ఆ ఇంట్లో పెద్దలందరికీ తనొక్కతే అన్నం పెట్టుకుంటూ వచ్చింది.

డెట్రాయిట్ ఇంటి నంబరు చివరికి ఎలా దొరికిందంటే, తమ్ముడి మనవరాలు, అంటే ఆ వాట్సాప్ పెట్టినవాడి కూతురు, సరదాకు ఉమ్మి పరీక్ష చేయించుకుంది. వంశం ఎక్కడెక్కడిదో చెప్పే పరీక్షలున్నాయి కదా, అది. డెట్రాయిట్‌లో ఎవరో కుర్రాడు కూడా చేయించుకున్నాడు, ఇద్దరూ చుట్టాలని తేలింది. ఆ కుర్రాడి నాయనమ్మ, అమెరికా మామ్మకు స్వయానా మనవరాలు, ఇంకా బతికే ఉంది. పెద్దమ్మకన్నా కొంచెం చిన్నది. తాతకు అక్కడ పుట్టిన కొడుకు బాబాయి అవుతాడు, ఆయన కూతురు కాబట్టి చెల్లి. పెద్దమ్మకు చెల్లైతే నాకు పిన్ని. ఈ వరసలన్నీ పెద్దమ్మే తేల్చింది, ఫోన్ ఇంకా కలవకముందే.

మొదటి వీడియో కాల్‌కు నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. పట్టుచీర కట్టుకుంది. అవతల తెల్లజుట్టు, కళ్ళజోడు, నల్లటి ముఖంలో పెద్దమ్మ ముక్కు. ఆ ముక్కు చూసి పెద్దమ్మ తన ముక్కు తడుముకుంది. తర్వాత, ఎక్స్ఛేంజిలో నేర్చిన స్పష్టమైన ఇంగ్లీషులో, భోంచేశావా అని అడిగింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం పొద్దున్న ఆ కాల్ ఉండేది. అమెరికాలో వాళ్ళ కుటుంబం నడిచిన దారంతా నేను ఆ ఆదివారాల్లోనే విన్నాను. తాతలాంటివాడికి అక్కడ పౌరసత్వం ఇచ్చేవారు కాదు, తెల్లవాళ్ళ వీధిలో గది ఇచ్చేవారు కాదు. నల్లవాళ్ళ పేటలో దొరికింది. గది కింద వంటిల్లు అమెరికా మామ్మది. దక్షిణాన బతకలేక రైలెక్కి డెట్రాయిట్ వెళ్ళారు. తాతకు కార్ల ఫ్యాక్టరీలో ఇనుము కరిగించే చోట పని, మళ్ళీ మంట ముందే. బాబాయి పెద్ద యుద్ధానికి వెళ్ళాడు, నల్లవాళ్ళను విడిగా పెట్టిన దళంలో. గెలిచి తిరిగొస్తే, యూనిఫాం మీద ఉండగానే, ఈ వీధిలో మీకు ఇల్లు అమ్మం పొమ్మన్నారు. ఇంకో వీధిలో కొనుక్కున్నాడు. తర్వాత ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, చుట్టూ ఇళ్ళు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి, కొన్ని కాలిపోయాయి, కొన్ని కూల్చేశారు. ఆ ఇల్లొక్కటీ మిగిలింది. పిన్ని ఇప్పటికీ అందులోనే ఉంటుంది.

కాలేజీ రోజుల్లో పిన్ని దక్షిణాది ఊరొకదానికి వెళ్ళి, నల్లవాళ్ళకు వడ్డించని భోజనశాలలో కూర్చుందట, స్నేహితులతో కలిసి. లేవకపోతే నెత్తిన చక్కెర కుమ్మరించారట, చొక్కాలోకి టొమాటో సాసు పోశారట. పెద్దమ్మ మొత్తం విని ఒకే ప్రశ్న వేసింది.

"కుర్చీ ఖాళీగానే ఉంది కదా?"

ఖాళీగానే ఉంది అంది పిన్ని. ఆ రోజంతా పెద్దమ్మ వంటింట్లో గిన్నెలు గట్టిగా చప్పుడయ్యాయి.

రొట్టె సంగతి బయటపడింది కూడా అలాంటి ఆదివారమే. మీ నాయనమ్మకు మేం ఏటా ఆకు వేస్తున్నాం అని పెద్దమ్మ గర్వంగా చెప్పింది. ఏం పెడతారు అని పిన్ని అడిగింది. రొట్టె, జాము. పిన్ని చెప్పింది, మా నాయనమ్మ రొట్టె ముట్టేది కాదు అని. ఆవిడది అన్నం తినే ప్రాంతం. బెండకాయలు, రొయ్యలు వేసి చిక్కటి పులుసు కాచి అన్నం మీద పోసేదట. తాత ఓడ దిగి ఆ గదిలో చేరిందే ఆ వాసనకట. వాళ్ళింట్లో ఇప్పటికీ ఆదివారం అదే వంట.

పెద్దమ్మ నెత్తి బాదుకుంది. బెండకాయ పులుసు తినే మనిషికి మామ్మ, తల్లి, తనూ వరసగా ఇన్నేళ్ళూ రొట్టె పెట్టారు. ఇంతకీ ఆవిడ ఎప్పుడు పోయిందో అడిగితే ఇంకా ఘోరం. పిన్ని పెళ్ళికి కూడా ఉందట. అంటే ఇక్కడ మామ్మ మొదటి ఆకు వేసేనాటికి అక్కడావిడ నిక్షేపంగా పొయ్యి దగ్గర బెండకాయలు వేయిస్తోంది. ఆ ఓడమనిషి ఆవిడ పోయిందని చెప్పనే లేదు, వీళ్ళే అనుకున్నారు. బతికున్న మనిషికి పాతికేళ్ళ పైన పెట్టారు పెద్దలకు పెట్టినట్టు.

నేను భయపడుతూ పిన్నికి విడమర్చి చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి మరీ నవ్వింది. అందుకే కాబోలు అంత గట్టిగా బతికింది అంది. పెద్దమ్మ వెంటనే తేరుకుంది. పోయారని పుకారు పుడితే ఆయుష్షు పెరుగుతుంది కదా, ఆ లెక్కన అదంతా మా చలవే అంది.

ఆ ఏడాది నుంచి ఆ ఆకులో అన్నం, బెండకాయ రొయ్యల పులుసు వచ్చాయి. రొట్టె మాత్రం తియ్యలేదు. ఎందుకు పెద్దమ్మా అంటే, "ఇన్నేళ్ళు తిన్నాక అలవాటు పడుంటది. ఇప్పుడు తీసేస్తే బాగోదు" అంది. కాయా జాము సీసా ఒకటి డెట్రాయిట్‌కు కొరియర్‌లో కూడా పంపింది. సీసా ఖరీదుకన్నా కొరియర్ ఖరీదు ఎక్కువని నేనంటే, నోర్ముయ్యమంది.

ఇక ఆసుపత్రి సంగతి. పోవడానికి వారం ముందు, నా ఎదుటే, తమ్ముడి కొడుకును దగ్గరికి పిలిచింది. బిషాన్‌లో కాండోలో, అంటే డబ్బున్నవాళ్ళ అపార్టుమెంటులో, ఉంటాడు, మంచి ఉద్యోగం, నలుగురిలో పేరున్న మనిషి. తన పెద్దకర్మనాడు తన ఆకు పక్కన అమెరికా మామ్మ ఆకు వెయ్యమని, చెల్లికి ఫోన్లో చూపించమని చెప్పింది. అలాగే అత్తయ్యా అన్నాడు. ఆవిడ మళ్ళీ చెప్పించింది. మళ్ళీ అన్నాడు. పిన్ని నంబరు అతని ఫోన్లో నేనే ఎక్కించాను.

పెద్దకర్మ వాళ్ళ కాండోలోనే, కింద ఉన్న హాల్లో చేశారు. వంటంతా బయటనుంచి తెప్పించారు కాబట్టి పులుసు నేను ఇంట్లో కాచి గిన్నెలో పట్టుకెళ్ళాను, ఆకుల కట్ట కూడా. పెద్దమ్మ ఫోటోకు దండ వేసి ఉంది. దాని ముందు ఒకటే ఆకు. నేను పక్కన ఇంకోటి పరిచాను. మూత తీసేలోపు అతను వచ్చాడు. పక్కకు పిలిచాడు. అతనూ ఇక్కడే పుట్టి పెరిగినవాడు, కంగారు పడితే మాట చివర ఇక్కడివాళ్ళ ‘లా’ చేరుతుంది.

"చూడమ్మా, ఇప్పుడొద్దు. అత్తయ్య పెద్దావిడ, ఏదో అంది, నేను సరే అన్నాను. అవతల కాబోయే వియ్యాలవారు కూర్చున్నారు, అమెరికా నుంచి వచ్చారు. అమ్మాయి మ్యాటర్ ఇంకా ఫైనల్ కాలేదు. ఇప్పుడు ఆ నల్లావిడ స్క్రీన్ మీద కనబడి మేం మీ ఫ్యామిలీ అంటే నేనేం చెప్పుకోవాలి? టైమింగ్ కరెక్ట్ కాదు లా."

"మీ ముత్తాతకు అన్నం పెట్టిన మనిషి ఆవిడ" అన్నాను.

అతను వంగి, నేను వేసిన ఆకును మధ్యకు మడిచాడు. మీకు తెలుసు కదా, భోంచేసి లేచేటప్పుడు మడుస్తాం ఆకు. మెతుకు వడ్డించని ఆకును మడిచాడు. చేత్తో తీసి నా గిన్నె మీద పెట్టాడు, మర్యాదగానే.

తర్వాత మైకు పట్టుకుని మాట్లాడాడు. అత్తయ్య ప్రేమమూర్తి అన్నాడు, కోపమన్నదే ఎరగదన్నాడు. తమది మొదటినుంచీ దేశాలు తిరిగిన కుటుంబమని, ముత్తాతగారు ఆ రోజుల్లోనే అమెరికా వెళ్ళి పట్టు వ్యాపారం చేశారని చెప్పాడు. కొలిమి ముందు రొమ్ము కాల్చుకుని చచ్చిన మనిషికి పట్టు కట్టబెట్టాడు. వియ్యాలవారిలో పెద్దాయన తల ఊపి, అయితే మాకన్నా మీరే ముందన్నమాట అమెరికాకి అన్నాడు. అందరూ నవ్వారు. ఉమ్మి పరీక్ష చేయించుకున్న అమ్మాయి అక్కడే ఉంది. నా వైపు చూసి తల దించుకుంది. దాని మీద కూడా కోపం వచ్చింది, ఇంకా తగ్గలేదు.

అక్కడే అరిచి ఉండాల్సిందని తర్వాత చాలామంది అన్నారు. పెద్దమ్మ ఫోటో ముందు, ఆవిడ ఆకు ముందు, అరవబుద్ధి కాలేదు. గిన్నె తీసుకుని బయటికి వచ్చేశాను. బిషాన్ నుంచి ఆంగ్ మో కియోకు రైల్లో ఒక్కటే స్టేషను. ఆ ఒక్క స్టేషనూ పెద్దమ్మనే తిట్టాను, మనసులో. ఎందుకు వాడికి చెప్పావు? నాకు చెబితే సరిపోయేది కదా? వెయ్యనని నేనెప్పుడన్నా అన్నానా? రక్తం పంచుకున్నవాడి చేత్తో వేయించుకోవాలనేం? చూశావా ఏం చేశాడో? ఎదురుగా కూర్చున్న చీనా తాత నా ముఖం చూసి సీటు మారాడు.

ఇంటికి వచ్చేసరికి మా అమ్మాయి బడి నుంచి వచ్చి ఉంది. గిన్నె నిండుగా తిరిగి రావడం చూసి, వాట్ హ్యాపెన్డ్ అమ్మా అంది. చెప్పాను. దట్స్ సో మీన్ లా అని, వెళ్ళి హాల్లో నేల తుడిచింది. మడిచిన ఆకు పారేశాను, అది మళ్ళీ వెయ్యకూడదు. కట్టలోంచి రెండు కొత్త ఆకులు తీసి పరిచాను. పెద్దమ్మకు ఒకటి, అమెరికా మామ్మకు ఒకటి. పెద్దమ్మ ఆకులో అన్నిటికన్నా ముందు ఉప్పు వడ్డించాను.

అప్పుడు పిన్నికి ఫోన్ కలిపాను. ఒక్క రింగుకే తీసింది. అక్కడ కిటికీ బయట ఇంకా చీకటి, ఆవిడ మాత్రం ముత్యాల దండ వేసుకుని, మంచి గౌను వేసుకుని కూర్చుని ఉంది. ఎప్పుడు మొదలవుతుందోనని రాత్రినుంచీ కూర్చునే ఉందట. నెట్‌వర్క్ బాగాలేదని అక్క మేనల్లుడు మెసేజ్ పెట్టాడు అంది.

నేనూ అదే చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. ముసలావిడ, అక్క పోయిన బాధలో ఉంది, నెట్‌వర్క్ అంటే పోయేది. కానీ పొద్దున్నుంచీ అబద్ధాలు విని విని విసుగెత్తి ఉన్నాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆకు మడవడం ఎందుకంత తప్పో కూడా చెప్పాను. చెబుతుంటే నాకే ఏడుపు వచ్చింది, పదకొండు రోజుల్లో మొదటిసారి.

పిన్ని ఏడవలేదు. కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకుంది.

"ఇది నీకు కొత్తమ్మా. నాకు కాదు" అంది ఇంగ్లీషులో. ఆ గొంతులో పెద్దమ్మ కోపం ఉంది, అచ్చంగా అదే. తర్వాత, ఆకు చూపించు అంది.

ఫోన్ ఆకుల మీదకు తిప్పాను. అన్నం చూసింది, పులుసు చూసింది, బెండకాయలు సన్నగా తరిగావు, మేం లావుగా తరుగుతాం అంది. మా నాయనమ్మ ఆకు ఏది అని అడిగింది. చూపించాను. కాసేపు చూసి, "రొట్టె ఏది?" అంది.

మర్చిపోయాను. అంత కోపంలో, ఇన్నేళ్ళ రొట్టెను మర్చిపోయాను. మా అమ్మాయి వంటింట్లోకి వెళ్ళి రొట్టె ముక్కలు, కాయా సీసా తెచ్చింది. జాము రాసి ఆకు చివర పెట్టింది. పిన్ని అప్పుడు తన ఫోన్ తిప్పి వాళ్ళ వంటింటి బల్ల చూపించింది. అక్కడ పువ్వుల పింగాణీ పళ్ళెం ఉంది. అన్నం, దానిమీద బెండకాయ పులుసు. పళ్ళెం అంచున ఒక రొట్టె ముక్క, దానిమీద పచ్చటి జాము. పెద్దమ్మ పంపిన సీసాలోది, అడుగున మిగిలింది గీకి రాసిందట. అది మా అక్కకి అంది. పళ్ళెం ముందు ఒక కుర్చీ లాగి ఉంది. కుర్చీ వీపుకు ఒక గొడుగు తగిలించి ఉంది.

సాంబ్రాణి వేశాను. ఇక తలుపు వేసి బయటికి రావాలి, లేకపోతే వాళ్ళు తినరు. పిన్నికి ఆ సంగతి పెద్దమ్మ ఎప్పుడో చెప్పినట్టుంది. నేను అడక్కముందే తన ఫోన్ పళ్ళేనికి ఎదురుగా నిలబెట్టి, కుర్చీ పట్టుకుని మెల్లగా లేచి, అవతలి గదిలోకి వెళ్ళిపోయింది. నేను నా ఫోన్‌ను మంచినీళ్ళ గ్లాసుకు ఆనించి ఆకుల తలాపున పెట్టాను. మా అమ్మాయిని తీసుకుని బయటికి వచ్చి తలుపు దగ్గరకు వేశాను.

వరండాలో పెద్దమ్మ తలుపుకు కొత్త తాళం వేలాడుతోంది. తాళం వేసినవాణ్ని తిడుతూ నిలబడ్డాను, వినపడేలాగే. మా ఇంట్లో మనుషులెవరూ లేరు. నా ఫోన్లో డెట్రాయిట్ వంటిల్లు, ఆవిడ ఫోన్లో మా నేల మీది ఆకులు, మధ్యలో సాంబ్రాణి పొగ, గొడుగు తగిలించిన ఆ ఖాళీ కుర్చీ.